బైరాడ్స్ 3 అని వచ్చింది, ఆరు నెలలు ఆగాలా, సూది గుచ్చించుకోవాలా?

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్ట్ ఇప్పుడు సాయంత్రానికల్లా ఫోన్‌కి పీడీఎఫ్‌గా వచ్చేస్తోంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం ఎల్లుండి ఉంటుంది, ఈ మధ్యలో ఇంటిల్లిపాదీ కూర్చుని చదివేది ఆ చివరి లైన్ ఒక్కటే. అక్కడ ఇంప్రెషన్ కింద బైరాడ్స్ 3 అని ఉంటే బాగా చదువుకున్న కొడుకు కూడా మొదట అడిగేది "మూడో స్టేజా?" అనే. 4 ఉంటే ఇంక చెప్పక్కర్లేదు, ఏడుపులే. 0 ఉంటే "హమ్మయ్య, సున్నా అంట, ఏం లేదంట" అని రిపోర్ట్ బీరువాలో పెట్టేస్తారు. మూడూ తప్పే. స్టేజ్ అనేది ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలాక, అది ఎంత పెద్దది, ఎంత దూరం పాకింది అని చూసి చెప్పే మాట. బైరాడ్స్ నంబర్ దానికంటే చాలా ముందు వచ్చేది, ఫిల్మ్ చూస్తే ఎంత అనుమానంగా ఉంది, కాబట్టి ఇప్పుడు ఏం చెయ్యాలి, ఇంతవరకే దాని పని.

ఈ పద్ధతి పెట్టింది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, 1993లో మొదటి ఎడిషన్, 2013లో ఐదోది. అప్పటిదాకా ఒక్కో రేడియాలజిస్ట్ ఒక్కో రకంగా "అనుమానాస్పదంగా ఉండొచ్చు, క్లినికల్‌గా చూసుకోవలెను" అని రాసేవాళ్ళు, చదివిన సర్జన్‌కి ముందుకెళ్ళాలో ఆగాలో తెలిసేది కాదు, అందుకే 0 నుంచి 6 దాకా నంబర్లు పెట్టి ప్రతి నంబర్‌కి ఒక పని అంటగట్టారు. 1, 2 అంటే భయం లేదు, మామూలుగా మళ్ళీ ఎప్పుడు చేయించుకోవాలో అప్పుడే. 5 అంటే 95 శాతం పైనే క్యాన్సర్ అవ్వొచ్చు, 6 అంటే ఆల్రెడీ తేలిపోయిన కేసు. గొడవంతా మధ్యలో ఉన్న 0, 3, 4 దగ్గరే, ఎందుకంటే ఇవి అవును కాదు అని చెప్పవు.

ముందు సున్నా సంగతి. సున్నా అంటే పరీక్ష ఇంకా పూర్తవ్వలేదు అని, అంతే. మామూలు మామోగ్రామ్‌లో ఒక్కో రొమ్ముకి రెండే ఫిల్మ్‌లు తీస్తారు, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఏటవాలుగా ఒకటి. మెత్తటి కణజాలం ఒకదాని మీద ఒకటి పడి నొక్కుకుపోయినప్పుడు లేని మచ్చ ఉన్నట్టు కనపడొచ్చు, చంకలో పౌడరో డియోడరెంటో రాసుకుని వెళ్తే ఆ రేణువులు కూడా కాల్షియం చుక్కల్లా కనపడతాయి. అప్పుడు మళ్ళీ పిలిచి ఆ ఒక్క చోటే నొక్కి దగ్గర్నుంచి ఇంకో ఫిల్మ్ తీస్తారు, లేకపోతే అల్ట్రాసౌండ్ చేస్తారు, లేకపోతే పాత ఫిల్మ్‌లు తెమ్మంటారు. అమెరికన్ కాలేజ్ వాళ్ళు చెప్పే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: ఏ బాధా లేని 1000 మంది మామోగ్రామ్ చేయించుకుంటే 100 మందిని మళ్ళీ పిలుస్తారు, అందులో 61 మందికి ఏం లేదని అక్కడే తేలిపోతుంది, 20 మందిని ఆరు నెలలకి రమ్మంటారు, 19 మందికి బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, చెప్తారు, చివరికి క్యాన్సర్ తేలేది 5 మందికి. అంటే వెనక్కి పిలుపు వచ్చిన వందలో తొంభై అయిదు మంది ఊరికే భయపడ్డట్టు. భయపడకుండా ఉండమని ఎవరికైనా చెప్పడం తేలికే, కానీ ఈ లెక్క తెలిసి భయపడటం వేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మనవాళ్ళు ఆ లెక్కని అలాగే తెచ్చుకుని తమకి అతికించుకోకూడదు. ఆ 1000 మందీ ఏ లక్షణం లేకుండా ఏడాదికో రెండేళ్ళకో క్రమం తప్పకుండా వచ్చే ఆడవాళ్ళు. మన దేశంలో అలా అందరినీ పిలిచి మామోగ్రామ్ తీసే ప్రభుత్వ కార్యక్రమం లేదు, 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళకి అయిదేళ్ళకోసారి ఆరోగ్య కార్యకర్త చేత్తో చేసే పరీక్షే ఉంది. అది తక్కువ రకం పరీక్షేం కాదు, ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మందికి పైగా ఆడవాళ్ళని 20 ఏళ్ళు గమనించి 2021లో ఇచ్చిన ఫలితాల్లో రెండేళ్ళకోసారి చేత్తో చేసిన పరీక్ష వల్ల జబ్బు ముందు దశలో దొరికింది, 50 దాటిన వాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. విషయం ఏంటంటే మన దగ్గర మామోగ్రామ్ గదిలోకి వచ్చేవాళ్ళు రెండు దారుల్లో వస్తారు. ఒకటి, నలభై దాటాక కార్పొరేట్ హాస్పిటల్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో అది కూడా ఉంది కాబట్టి చేయించుకున్నవాళ్ళు. రెండు, స్నానం చేస్తుంటే చేతికి ఏదో తగిలి, రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, ఆఖరికి చెల్లికి చెప్తే ఆవిడ లాక్కొచ్చినవాళ్ళు. ఈ రెండో దారిలో వచ్చినవాళ్ళకి అమెరికా స్క్రీనింగ్ శాతాలు వర్తించవు, వాళ్ళలో అనుమానం మొదట్నుంచే ఎక్కువ, కాబట్టి రిపోర్ట్ చదివే ముందు అడగాల్సిన ప్రశ్న ఏ దారిలో వచ్చాం అని.

ఇప్పుడు అసలైన 3. "చాలావరకు మామూలుదే" అనే గుంపు ఇది, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం లేదా అంతకంటే తక్కువ. ఈ 2 శాతం గాల్లోంచి తీసింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ సికిల్స్ అనే రేడియాలజిస్ట్ ఇలాంటి మచ్చలున్న 3184 కేసుల్ని కొయ్యకుండా, గుచ్చకుండా, క్రమంగా ఫిల్మ్‌లు తీస్తూ గమనించి 1991లో ప్రచురించాడు, అందులో క్యాన్సర్‌గా తేలినవి 17, అంటే అర శాతం. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి, ఆ 17 కూడా దొరికేటప్పటికి తొలి దశలోనే ఉన్నాయి. ఆగడం వల్ల నష్టపోలేదు అనే ధైర్యం అక్కడ్నుంచే వచ్చింది.

అయితే ఆ ధైర్యానికి ఒక షరతు ఉంది, ఇక్కడి చాలా సెంటర్లలో తప్పుతున్నది అదే అనిపిస్తుంది. 3 అనేది మొదటి రెండు ఫిల్మ్‌లు చూసి వేసేసే నంబర్ కాదు. దగ్గర్నుంచి తీసిన అదనపు ఫిల్మ్‌లు, అవసరమైతే అల్ట్రాసౌండ్, అన్నీ అయ్యాక, ఇది ఫలానా రకం అని గుర్తుపట్టాకే వెయ్యాలి: అంచులు నున్నగా ఉన్న గుండ్రటి గడ్డ, ఒకే చోట గుంపుగా ఉన్న గుండ్రటి చిన్న కాల్షియం చుక్కలు, ఒక పక్క మాత్రమే కాస్త చిక్కగా కనపడే చోటు, ఇలాంటివి. ఏం అర్థం కాక మధ్యస్తంగా 3 వేసి పంపించేస్తే అది సికిల్స్ చెప్పిన 3 కాదు, మారువేషంలో ఉన్న సున్నా. కాబట్టి రిపోర్ట్‌లో 3 ఉండి పైన ఎక్కడా అదనపు ఫిల్మ్ గానీ అల్ట్రాసౌండ్ గానీ ప్రస్తావన లేకపోతే ఆరు నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టే ముందు అదే వారం ఆ పని పూర్తిచేయించుకోవడం మంచిది. అల్ట్రాసౌండ్‌లో అది ఉత్త నీటి తిత్తి అని తేలితే 3 కాస్తా 2 అయిపోతుంది, ఆరు నెలల బెంగ అరగంటలో తీరిపోతుంది.

కాల్షియం చుక్కలు అనగానే వచ్చే ఇంకో ప్రశ్న, కాల్షియం టాబ్లెట్లు మానెయ్యాలా, పాలు మానెయ్యాలా అని. వాటికీ దీనికీ సంబంధం లేదు, తినే కాల్షియం వెళ్ళి రొమ్ములో పేరుకోదు, మోకాళ్ళ నొప్పులకి డాక్టర్ రాసిచ్చినవి నిక్షేపంగా వేసుకోవచ్చు.

ఆరు నెలలే ఎందుకు, మూడు నెలలకి వెళ్తే ఇంకా మంచిది కదా అని కొందరికి తొందర. మరీ త్వరగా వెళ్తే నిజంగా పెరిగేదైనా ఫిల్మ్‌లో తేడా పట్టేంత పెరగదు, "మార్పు లేదు" అని వస్తుంది, ఆ మాట నమ్మి నిశ్చింతగా కూర్చుంటే అదే అసలు ప్రమాదం. ఏడాది ఆగితే, పొరపాటున ఆ రెండు శాతంలో ఉంటే, ఆలస్యమైపోతుంది. అందుకని ఆరు నెలలకి ఒకసారి, పన్నెండుకి ఒకసారి, ఇరవై నాలుగుకి ఒకసారి. అల్ట్రాసౌండ్‌లో గడ్డ పొడవు ఆరు నెలల్లో ఐదో వంతు కంటే ఎక్కువ పెరిగితే, అంటే 10 మిల్లీమీటర్లది 12 దాటితే, దాన్ని పెరగడం కింద తీసుకుంటారు, అప్పుడు సూది. ఒక మిల్లీమీటర్ అటూఇటూ అంటే కొలిచే చేతి తేడా కూడా అయ్యుండొచ్చు, రెండు రిపోర్ట్‌లు పక్కపక్కన పెట్టుకుని గుండెలు బాదుకోవక్కర్లేదు.

మూడింట్లోకీ మొదటి ఆరు నెలల విజిట్ మాత్రం అస్సలు తప్పకూడదు. అమెరికా నేషనల్ మామోగ్రఫీ డేటాబేస్‌లో 3 వచ్చిన 43,628 మందిని చూసి 2020లో వేసిన పేపర్‌లో క్యాన్సర్ తేలింది 1.86 శాతానికి, అందులో సగానికి పైగా, 58 శాతం దాకా, ఆరు నెలల లోపే లేదా ఆరో నెల విజిట్‌లోనే దొరికాయి. అంటే ఆగండి అన్న మాటకి అర్థం ఏం చెయ్యొద్దని కాదు, ఆగడమే ఒక పరీక్ష, ఆరు నెలల తర్వాత తీసే ఫిల్మ్ ఆ పరీక్షలో రెండో సగం. ఆ రెండో సగం రాయకుండా వెళ్ళిపోతే మొదటి సగానికి విలువ లేదు. డాక్టర్ "ఏం పర్లేదమ్మా, సిక్స్ మంత్స్ తర్వాత చూద్దాం" అంటే మన ఇళ్ళల్లో వినపడేది మొదటి రెండు మాటలే, మిగతావి లిఫ్ట్ దిగేలోపే మర్చిపోతారు.

అందుకే 3 వచ్చినప్పుడు అసలు ప్రశ్న "నాకు క్యాన్సరా" అనేదాని కంటే "నేను ఆరు నెలలకి కచ్చితంగా ఇక్కడికి రాగలనా" అనేది. ఒక మామూలు తెలుగింటి పరిస్థితి తీసుకుంటే, యాభై అయిదేళ్ళావిడ, కూతురు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో, నెలలు నిండుతున్నాయి, పురుడు పొయ్యడానికి వచ్చే నెల ప్రయాణం, టికెట్లు కూడా అయిపోయాయి, విజిటర్ వీసా మీద సాధారణంగా ఉండనిచ్చేది ఆరు నెలలు, ఆ తర్వాత అవసరమైతే ఎక్స్‌టెన్షన్. వెళ్ళే ముందు ఫుల్ బాడీ చెకప్ చేయిద్దాం అని అల్లుడు పట్టుబడితే అందులో ఈ 3 బయటపడింది. ఆరు నెలల గడువు సరిగ్గా అక్కడ పడుతుంది. అక్కడ చేయించుకుందాం అంటే విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీలు ఎక్కువగా ముందే ఉన్న సమస్యకి డబ్బు కట్టవు, చేతి నుంచి పెట్టుకోవాలి, పైగా మనవడు పుట్టిన ఇంట్లో తన రొమ్ము సంగతి ఎత్తే అమ్మమ్మ ఎక్కడుంది. ఇలాంటి చోట వెళ్ళే ముందే సూది పరీక్ష చేయించేసుకుని తేల్చుకోవడం ఏ డాక్టరూ తప్పనరు. నిజానికి 3 ఉన్నా వెంటనే బయాప్సీ వైపు మొగ్గే సందర్భాలు ఒప్పుకున్నవే ఉన్నాయి: అమ్మకో అక్కకో చిన్న వయసులో వచ్చి, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బ్రాకా జీన్ మార్పు తమకీ ఉందని తేలినవాళ్ళు, త్వరలో గర్భం ప్లాన్ చేసుకుంటున్నవాళ్ళు, ఇంకో పక్క రొమ్ముకి ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడికి ఎదురుచూస్తున్నవాళ్ళు, మళ్ళీ రావడం కుదరనివాళ్ళు, ఆరు నెలలు నిద్ర పట్టదు అనేంత ఆందోళన ఉన్నవాళ్ళు. ఆఖరిది చాదస్తం అని కొట్టిపారేసే డాక్టర్లున్నారు గానీ ఆందోళన కూడా ఒంటికి సంబంధించిన విషయమే.

4 దగ్గర ఇంత తర్జనభర్జన లేదు, 4 అంటే సూది పరీక్ష చెయ్యాల్సిందే. కాకపోతే 4 ఒకటే గుంపు కాదు, 4ఏ అంటే 2 నుంచి 10 శాతం, 4బీ అంటే 10 నుంచి 50, 4సీ అంటే 50 నుంచి 95. 4ఏ వచ్చినావిడా 4సీ వచ్చినావిడా ఒకే రకంగా ఏడవక్కర్లేదు. 4ఏలో పదిలో తొమ్మిది కంటే ఎక్కువే మామూలు గడ్డలు. రిపోర్ట్‌లో ఉత్త 4 అని వేసి వదిలేస్తే ఏబీసీలో ఏది అని రేడియాలజిస్ట్‌ని అడగొచ్చు, అడగాలి కూడా.

ఇక్కడ ఆపేసేది రెండు భయాలు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది అని ఒకటి, ఈ మాట ఊళ్ళో ఎవరో ఒకావిడకి బయాప్సీ అయ్యాక ఆర్నెల్లకి పోయింది అన్న కథతో కలిపి వస్తుంది. ఆవిడ పోయింది అప్పటికే ముదిరిపోయిన జబ్బుతో, సూదితో కాదు. ఏ గైడ్‌లైన్ అయినా ఆపరేషన్‌కి ముందు సూదితోనే తేల్చుకోమంటుంది. రెండోది దీనికి రివర్స్, "సూదీ గీదీ ఎందుకు, ఆపరేషన్ చేసి మొత్తం తీసేస్తే పోలే" అని. ఇది వినడానికి ధైర్యంగా ఉంటుంది కానీ తేల్చుకోకుండా కోసేస్తే, అది క్యాన్సరే అయితే, అంచులు సరిగా రాక, చంకలో గ్రంథుల సంగతి చూడక, మళ్ళీ ఇంకోసారి కొయ్యాల్సి వస్తుంది. క్యాన్సర్ కాకపోతే అనవసరంగా కోసినట్టు.

సూదిలో కూడా రెండు రకాలు, ఈ తేడా తెలీక చాలామంది చవకది చేయించుకుని మళ్ళీ ఖరీదుది చేయించుకుంటారు. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే ఇంజెక్షన్ లాంటి సన్నటి సూదితో కొన్ని కణాలు లాగి స్లైడ్ మీద చూడటం, పది నిమిషాల పని, తక్కువ ఖర్చు. కానీ అది కణాలే చూపిస్తుంది, ఆ కణాలు నాళం లోపలే ఉన్నాయా గోడ దాటి బయటికొచ్చాయా అన్నది చెప్పలేదు, తర్వాత ట్రీట్‌మెంట్‌కి కావాల్సిన ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలకి కూడా దాని మీద ఆధారపడటం కష్టం. ట్రూకట్ అంటే కొంచెం లావు సూదితో, ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి, స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని శబ్దం వస్తూ చిన్న ముక్కలు తియ్యడం. అనుమానపు గడ్డకి ఇదే చేయించుకోవాలి, అదీ అల్ట్రాసౌండ్‌లో సూది మొన కనపడుతుండగా. అల్ట్రాసౌండ్‌లో కనపడని కాల్షియం చుక్కలైతే మామోగ్రామ్ మెషీన్ దారి చూపిస్తుండగా తీసే స్టీరియోటాక్టిక్ బయాప్సీ కావాలి, ఇది పెద్ద సెంటర్లలోనే ఉంటుంది, కాబట్టి జిల్లా కేంద్రంలో "ఇక్కడ కుదరదు, ఆర్నెల్లు చూద్దాం" అంటే అది వైద్య కారణమా, మెషీన్ లేని కారణమా అని తెలుసుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి, సొంతంగా మానెయ్యకూడదు.

ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదు అని వస్తే అయిపోయిందా అంటే ఇంకో మెట్టుంది, దీని గురించి దాదాపు ఎవరూ చెప్పరు. సూది చెప్పిందీ ఫిల్మ్ చెప్పిందీ ఒకదానికొకటి సరిపోవాలి. నున్నటి గుండ్రటి గడ్డ, 4ఏ, ముక్కలో ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ, అని వచ్చింది, సరిపోయింది, నిశ్చింత. అదే అంచులు ముళ్ళముళ్ళుగా ఉన్న గడ్డ, 4సీ వేశారు, ముక్కలో "మామూలు కొవ్వు, కణజాలం" అని వచ్చింది అంటే సంతోషపడే విషయం కాదు, సూది గడ్డకి తగల్లేదు అనుకోవాలి, మళ్ళీ తియ్యాలి. మధ్యలో ఏటిపికల్, అంటే కణాలు మామూలుగా లేవు, అనే మాట వస్తే అది క్యాన్సర్ కాదు గానీ ఎక్కువసార్లు ఆ చోటు కొద్దిగా కోసి చూడమంటారు, ఎందుకంటే పక్కనే ఇంకేదో దాక్కుని ఉండొచ్చు. పాథాలజీ రిపోర్ట్ ఒక ల్యాబ్‌లో, మామోగ్రామ్ ఇంకో సెంటర్‌లో, సర్జన్ మూడో చోట అయితే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఉండరు. "ఈ ముక్క రిజల్ట్ ఆ ఫిల్మ్‌తో మ్యాచ్ అయిందా డాక్టర్ గారూ" అని అడగడం ఒక్కటే దారి.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది, చేతికి గట్టిగా గడ్డ తగులుతోంది, మామోగ్రామ్‌లో 1 వచ్చింది, అమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్ళిపోవడం. మామోగ్రామ్ సుమారు ఎనిమిదింట ఒక క్యాన్సర్‌ని చూడలేదు, చిక్కటి రొమ్ములో ఇంకా ఎక్కువ, కణజాలం తెల్లగా కనపడుతుంది, గడ్డా తెల్లగానే కనపడుతుంది, పొగమంచులో తెల్ల బట్టలు వేసుకున్న మనిషిని వెతికినట్టు. అమెరికాలో 2024 సెప్టెంబర్ నుంచి ప్రతి మామోగ్రామ్ తర్వాత రొమ్ము చిక్కగా ఉందా లేదా అని మామూలు భాషలో ఉత్తరం రాసి తెలియజెయ్యడం తప్పనిసరి చేశారు, మన దగ్గర అది డెన్సిటీ సీ, డెన్సిటీ డీ అని రిపోర్ట్ మధ్యలో ఒక లైన్‌గా ఉంటుంది, ఎవరూ చదవరు. సీ గానీ డీ గానీ ఉంటే, అంటే రొమ్ము చిక్కగా ఉంటే, అల్ట్రాసౌండ్ కూడా చేయించాలా అని అడగడం సబబు. చేతికి తగిలే గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దానంతటదే రక్తం కారడం, చర్మం నారింజ తొక్కలా అవ్వడం, ఇవి ఉంటే మామోగ్రామ్ ఎంత శుభ్రంగా ఉన్నా సర్జన్ చేత్తో చూడాల్సిందే. చేత్తో పరీక్ష, ఫిల్మ్, సూది, ఈ మూడూ కలిపితేనే ట్రిపుల్ అసెస్‌మెంట్ అంటారు, మూడిట్లో ఏది అనుమానం చెప్పినా దాని మాటే వినాలి.

ఈ తికమకలో అనవసరంగా డబ్బు పోయేది రెండు చోట్ల. సీఏ 15-3 అనే రక్త పరీక్ష ఒకటి, గడ్డ క్యాన్సరో కాదో తేల్చడానికి అది పనికిరాదు, తొలి దశలో నార్మల్‌గానే ఉంటుంది, వేరే కారణాలకి పెరుగుతుంది కూడా. రెండోది 3 రాగానే ఎంఆర్ఐకి పరిగెత్తడం, ఎంఆర్ఐ చాలా సున్నితమైన పరీక్ష, దాని వల్లే ఇంకో రెండు కొత్త అనుమానాలు పుట్టుకొస్తాయి, అనుమానపు కాల్షియం చుక్కల విషయంలో అది బాగున్నా సూది తప్పదు. ఆ డబ్బుతో రొమ్ము ఫిల్మ్‌లే రోజూ చూసే రేడియాలజిస్ట్ దగ్గర సెకండ్ ఒపీనియన్ తీసుకుంటే ఎక్కువ ఉపయోగం. దానికి పేపర్ రిపోర్ట్ చాలదు, వాట్సాప్‌లో ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్‌కి పెట్టి తీసిన ఫోటో అసలే పనికిరాదు, ఆ రోజు సెంటర్‌లో అడిగితే ఇచ్చే సీడీ కావాలి.

ఆ సీడీ అవసరం అక్కడితో పోదు. ఆరో నెలలో సాధారణంగా ఆ ఒక్క పక్కే తీస్తారు, ఏడాదికి రెండు పక్కలా, రెండేళ్ళకి మళ్ళీ రెండు పక్కలా, ప్రతిసారీ చివరి ఫిల్మ్‌తో మాత్రమే కాకుండా మొట్టమొదటి దానితో కూడా పోల్చాలి, ఎందుకంటే ఆరు నెలలకి ఒక మిల్లీమీటర్ చొప్పున పెరిగేది పక్క ఫిల్మ్‌తో పోలిస్తే ఎప్పటికీ "మార్పు లేదు" అనే కనపడుతుంది. సెంటర్ మారినా, ఊరు మారినా ఆ మొదటి సీడీ వెంట ఉంటే చాలు. ఇరవై నాలుగో నెలలో కూడా ఆ మచ్చ అంతే సైజులో, అదే ఆకారంలో ఉంటే రేడియాలజిస్ట్ 3 తీసేసి 2 వేస్తారు, అక్కడ్నుంచి అందరిలాగే మామూలు మామోగ్రామ్.